అద్దె గదిలో అతిథి ధర్మం

తీర్థయాత్రకు వెళ్ళి వచ్చిన వారిని రెండు ప్రశ్నలు అడిగి చూడండి. స్వామి దర్శనం బాగా జరిగిందా అన్నది మొదటిది. ఎక్కడ బస చేశారన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం రెండు మాటలలో ముగుస్తుంది. రెండవ దానికి అరగంట పడుతుంది. “గది ఇరుకే గాని, ఆ ఇల్లాలు మా పసివాడికి అర్ధరాత్రి పాలు కాచి ఇచ్చిందండీ” అని ఒకరు చెబుతారు. “గది విశాలమే గాని, వేణ్ణీళ్ళు అడిగితే విసుక్కున్నారండీ” అని మరొకరు వాపోతారు. సంవత్సరాలు గడిచినా ఆ పాలు మరపునకు రావు, ఆ విసుగూ మరపునకు రాదు.

నేను చెప్పదలచినది నగరాలలోని పెద్ద హోటళ్ళ సంగతి కాదు. పల్లెటూళ్ళలో, క్షేత్రాలకు పోయే దారులలో ఒక కుటుంబం తమ ఇంటినే కాస్త పెంచి నడుపుకునే చిన్న హోటలు సంగతి. ముందు నాలుగు బల్లలు, వెనుక మూడు నాలుగు గదులు ఉంటాయి. గల్లాపెట్టె వద్ద ఇంటి యజమాని, పొయ్యి వద్ద ఇల్లాలు, నీళ్ళ బిందెతో కొడుకు, వసారాలో అన్నీ గమనిస్తూ ఒక ముసలమ్మ కనిపిస్తారు. మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు అటువంటి చోట తలదాచుకున్నవారే. అక్కడ మనం అద్దె చెల్లిస్తాము, భోజనానికి ధర ఇస్తాము. మరి అటువంటప్పుడు మనం అతిథులమా, కేవలం కొనుగోలుదారులమా? డబ్బు పుచ్చుకున్న చోట అతిథి ధర్మానికి తావున్నదా? ఈ సందేహం నన్ను చాలాకాలం వేధించింది. దానిని తీర్చినది శాస్త్రగ్రంథం కాదు, కోనసీమలోని ఒక ముసలమ్మ.

తిథి లేనివాడు

ముందుగా శాస్త్రం ఏమి చెబుతున్నదో చూద్దాం. రాకకు ఒక తిథి, ఒక నియమం లేనివాడు అతిథి. పిలిచినందుకు వచ్చేవాడు బంధువో మిత్రుడో అవుతాడు. పిలవకుండా, చెప్పకుండా, పొద్దుగూకే వేళ అలసటతో వాకిట నిలిచేవాడే అతిథి. ఒక్క రాత్రి మాత్రమే ఉండిపోయేవాడని మనువు అతనిని నిర్వచించాడు.

గృహస్థునకు విధించిన పంచ మహాయజ్ఞాలలో మనుష్య యజ్ఞమంటే ఈ అతిథిని పూజించడమే. తల్లిని, తండ్రిని, గురువును దైవంగా భావించమని చెప్పిన తైత్తిరీయోపనిషత్తు, ఆ వరుసలోనే అతిథిని కూడా చేర్చింది. అదే ఉపనిషత్తు భృగువల్లిలో మరొక అడుగు ముందుకు వేసి, బస కోరి వచ్చిన ఎవ్వరినీ కాదనరాదని ఒక వ్రతంగా విధించింది. అందుకోసమే అన్నాన్ని సమృద్ధిగా సమకూర్చుకోవాలని ఆదేశించింది. ఇందులో వచ్చినవాడెవరన్న ప్రశ్నకు చోటు లేదు.

“మాకు అంత శక్తి ఎక్కడిది?” అని మీరు అడగవచ్చు. తెలుగునాట ఎన్నో కుటుంబాలకు సూత్రకారుడైన ఆపస్తంబ మహర్షి ఈ సందేహాన్ని ముందే ఊహించాడు. భోజన వేళకు అన్నార్థియై వచ్చినవానిని ఆ ఇంటి యజమాని గాని, ఇల్లాలు గాని తిప్పి పంపరాదన్నాడు. ఒకవేళ ఇంట ఏమీ లేకపోతే కూర్చునేందుకు కాస్త చోటు, త్రాగేందుకు నీరు, పరుచుకునేందుకు గడ్డి, ఒక మంచి మాట ఇమ్మన్నాడు. సజ్జనుల ఇంట ఈ నాలుగింటికీ ఎన్నడూ కరువు రాదని కూడా చెప్పాడు. గమనించండి, ఈ నాలుగింటిలో ఖరీదు చేసేది ఒక్కటీ లేదు.

మన పూర్వులు మధ్యాహ్నం వైశ్వదేవం ముగించి వెంటనే విస్తరి ముందు కూర్చునేవారు కారు. ఆవును పితికేంతసేపు వాకిట నిలిచి దారివైపు చూసేవారు. ఎవరైనా వస్తారేమోనన్న ఆ నిరీక్షణ కూడా యజ్ఞంలో భాగమే. అతిథి వచ్చాక పెట్టడం ఒక ఎత్తు, రాకముందే అతనికోసం ఎదురుచూడడం మరొక ఎత్తు. ఈ మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని వద్దకు వస్తాను.

ఒక రూకకు భోజనం

అయితే అదే ధర్మశాస్త్రం వండిన అన్నాన్ని అమ్మడాన్ని మెచ్చలేదు. ఆపత్కాలంలో వర్తకం చేసి బ్రతకవలసివచ్చిన బ్రాహ్మణుడు సైతం అమ్మకూడని వస్తువులలో వండిన అన్నాన్ని మనువు చేర్చాడు. ఆ విధి ఎవరికి చెప్పబడినదో చూడకుండా, యౌవనంలో నేను ఒక కఠినమైన తీర్మానం చేసుకున్నాను. అన్నం అమ్మే ఇంట పుణ్యం ఉండదని, అక్కడ తినడం అటుంచి కూర్చోవడం కూడా తగదని భావించేవాడిని.

కాని లోకం శాస్త్రంతో పాటు అవసరాన్ని కూడా చూసుకుంటుంది. దూరప్రయాణాలు చేసే బాటసారులకు ఊరూరా సత్రం ఉండదు. తెలిసినవారూ ఉండరు. అందుకే తెలుగునాట ‘పూటకూళ్ళ ఇల్లు’ వెలసింది. పూటకు ఇంతని పుచ్చుకుని కూడు పెట్టే ఇల్లు కనుక దానికా పేరు వచ్చింది. ఇది నిన్న మొన్నటి ఏర్పాటు కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధులను కళ్ళకు కట్టే ‘క్రీడాభిరామం’లో లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంటి భోజనం ప్రస్తావన ఉన్నది. ఒక్క రూకకు ఆ ఇంట ఏమేమి వడ్డించేవారో కవి ఒక పద్యంలో వరుసగా చెప్పాడు. పరిమళించే మేలిరకపు అన్నం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డగట్టిన కొత్త పెరుగు అందులో ఉన్నాయి.

ఆ పద్యాన్ని నేను ఎన్నోసార్లు చదివాను గాని, చాలాకాలం అందులో తిండిపోతుతనమే నాకు కనిపించింది. నిదానంగా చదివితే మరొకటి తోచింది. అది తృప్తిగా తిన్న ఒక బాటసారి ఆ ఇంటికి ఇచ్చిన ఆశీర్వచనం. రూక చెల్లించాడు కనుక అతడు ఎవరికీ ఋణపడలేదు. అయినా ఆ ఇంటివారి పేరు మరువలేదు. రూకకు సరిపడా తూచి పెట్టిన తిండి అయితే అతడు పేరెందుకు గుర్తుంచుకుంటాడు? నెయ్యిని అప్పటికప్పుడు కాచి పోసిన చేయి ఎవరిదో, ఆ చేతి శ్రద్ధ అతనికి తెలిసింది. ఆ శ్రద్ధకు ధర కట్టలేక పద్యం కట్టాడు.

పంటు ఆగిన రాత్రి

ఇది పుస్తకాలు చదివి తెలుసుకున్నది కాదని ముందే చెప్పాను. ఇప్పుడు నా అపరాధాన్ని మీ ముందు ఉంచుతాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక వర్షాకాలంలో నేను, నా ధర్మపత్ని అంతర్వేది లక్ష్మీనృసింహస్వామి దర్శనానికి వెళ్ళాము. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే పుణ్యస్థలమది. దర్శనం చేసుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరాలని మా సంకల్పం. ఎగువన వానలకు గోదావరి పోటెత్తింది. రేవుకు చేరేసరికి పంటును ఆపివేశారని తెలిసింది. చీకటి పడింది. చుట్టుదారిన పోయే బస్సు తెల్లవారితే గాని లేదు. జడివానలో తడుస్తూ, దారి పక్కన ఒక చిన్న హోటలుకు చేరాము. పెంకుటింటి ముందుభాగం హోటలు, వెనుక కొబ్బరిచెట్ల మధ్య మూడు గదులు ఉన్నాయి. మాతోపాటు రేవులో చిక్కుకున్నవారు మరో పదిమంది అప్పటికే అక్కడ ఉన్నారు.

గల్లాపెట్టె వద్ద ఉన్నతను మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు. “దయచేయండి పంతులుగారూ. అమ్మగారు బాగా తడిసిపోయారు. ముందు లోపలికి రండి” అన్నాడు. ఒక గది ఖాళీ చేయించి, నేల కడిగించి, కొత్త చాప వేయించాడు. అతని భార్య తలుపు బయటే నిలబడి, “భోజనం మాటేంటండీ?” అని మెల్లగా అడిగింది.

నేనిచ్చిన సమాధానం నేటికీ నా చెవిలో ములుకులా గుచ్చుకుంటున్నది. “మేము హోటళ్ళలో తినేవాళ్ళం కాదమ్మా. మా సంగతి మీరు పట్టించుకోనక్కరలేదు” అన్నాను. మాటలో తప్పు లేదు, గొంతులో ఉన్నది. అన్నం అమ్ముకునేవారన్న చులకన ఆ గొంతులో పలికింది. ఆమె ముఖం చిన్నబోయింది. అయినా ఒక్క మాట తిరిగి అనలేదు.

కాసేపటికి వసారాలో చప్పుడైంది. తొంగి చూస్తే ఆ ఇంటి ముసలమ్మ, మనుమడి చేత ఒక మూల కడిగించి మూడు ఇటుకలతో పొయ్యి పెట్టిస్తున్నది. పక్కన ఎన్నడూ నిప్పు చూడని కొత్త కుండ, చేటలో బియ్యం, గిన్నెలో పెసరపప్పు, కొబ్బరికాయ, తడవని ఎండుకట్టెలు ఉన్నాయి. “బాబూ, మేం వండింది మీరు తినరని తెలుసండి. ఇవి మేం ముట్టిన కుండలు కాదు. నుయ్యి అల్లదిగో. అమ్మగార్ని ఓ గుప్పెడు వండుకోమనండి” అన్నది. మా ఆచారానికి భంగం రాకుండా ఆ ఇల్లు ఎంత దూరం ఆలోచించిందో చూడండి. అప్పటికీ నా అహంకారం దిగలేదు. “రాత్రివేళ అవసరం లేదు మామ్మగారూ, ఉపవాసం మాకు అలవాటే” అని తలుపు వేసుకున్నాను.

అర్ధరాత్రి దాటి ఉంటుంది. వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. వసారాలో లాంతరు వెలుగుతున్నది. ముసలమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నది. కోడలు నెమ్మదిగా బ్రతిమాలుతున్నది. “అత్తా, పొద్దుపోయింది, కాస్త మజ్జిగన్నమైనా తిను. ఆరు పస్తుంటే మనమేం చేస్తాం?” అన్నది. ముసలమ్మ జవాబు ఇచ్చింది. “నీకు తెలవదే. మన చూరు కింద మనిషి పస్తు పడుకుంటే నాకు ముద్ద దిగదు. గదికి డబ్బులు పుచ్చుకున్నాం, నిజమే. ఆళ్ళ ఆకలి మనకి పట్టదని రాసిచ్చామా?”

నచికేతుడు నా గదిలోనే ఉన్నాడు

నేను పక్కమీద లేచి కూర్చున్నాను. కఠోపనిషత్తు నాకు కంఠస్థం. నచికేతుడు యముని ఇంటికి వెళ్ళి, ఆయన లేని సమయంలో మూడు రాత్రులు నిరాహారంగా వాకిట కూర్చున్నాడు. తిరిగి వచ్చిన యముడు గడగడలాడాడు. లోకాలన్నీ ఎవరిని తలచి వణుకుతాయో ఆ మృత్యుదేవత, తన ఇంట ఒక బాలుడు పస్తున్నాడని తెలిసి నీళ్ళు తెచ్చి ఉపచారం చేసి క్షమాపణ కోరాడు. అతిథి అభుక్తుడై ఉన్న గృహస్థుని ఆశలు, సత్సంగ ఫలం, యజ్ఞదానాల ఫలం, సంతానం, పశుసంపద సమస్తం నశిస్తాయని ఆ ఉపనిషత్తు చెబుతున్నది. ఒక్కొక్క రాత్రికి ఒక్కొక్క వరం చొప్పున మూడు వరాలిచ్చి యముడు తన దోషాన్ని పరిహరించుకున్నాడు.

ఈ కథను నేను ఎన్ని సభలలో చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ గృహస్థునికి హితవు పలికాను. అతిథి స్థానంలో కూర్చున్నవాడు తన మూర్ఖత్వం చేత గృహస్థుని దోషంలోకి నెట్టవచ్చునని ఒక్కనాడూ ఆలోచించలేదు. నచికేతుడు యజమాని ఇంట లేనందువల్ల పస్తున్నాడు. నేనో, యజమాని చేతులు జోడించి నిలబడగా పస్తు పడుకున్నాను. ఉపనిషత్తు చదవని ఆ ముసలమ్మ ఉపనిషత్తు ప్రకారం భయపడుతున్నది. దానిని చదివిన నేను నిద్రపోయాను.

నా భార్య కూడా మేలుకునే ఉన్నది. ఆమె అన్న మాట ఒక్కటే. “మన ఆచారం మనల్ని ఉపవాసం ఉండమన్నదేమో గాని, ఆవిడను ఉండమనలేదు కదండీ!”

అంతే, తలుపు తీసుకుని వెళ్ళి నూతి వద్ద స్నానం చేసి పొయ్యి ముట్టించింది. అన్నం, పెసరపప్పు, కొబ్బరి పచ్చడి వండింది. అంతర్వేదిలో కొన్న స్వామివారి పటం ముందు అరటాకులో నివేదన చేశాను. ముసలమ్మకు నమస్కరించి, “అమ్మా, నా మాట తప్పు. మన్నించి ఈ ప్రసాదం తీసుకోండి” అన్నాను. ఆమె కంగారుపడి, “అయ్యో, మీరు నాకు దణ్ణం పెట్టకూడదు బాబూ. ముందు మీరు తినండి” అన్నది. మేము తిన్న తరువాతనే ప్రసాదాన్ని కళ్ళకద్దుకుని, తన ఇంటి మజ్జిగన్నం తిన్నది. అప్పటికి రాత్రి మూడు గంటలయింది.

తెల్లవారాక వాన తెరిపినిచ్చింది. బయలుదేరే ముందు లెక్క అడిగాను. పంటు ఆగిన రాత్రి గనుక ఆ చుట్టుపక్కల రెట్టింపు అద్దె పుచ్చుకున్నారని, పక్కగదిలోని వారు అప్పటికే చెప్పి ఉన్నారు. ఈ ఇంటి యజమాని మాత్రం రోజూ తీసుకునే అద్దె మాత్రమే చెప్పాడు. “ఇంతేనా?” అన్నాను. “పంటు ఆగింది గోదారమ్మ వల్లండి. దానికి మేం డబ్బులుచ్చుకుంటే ఎలాగండి?” అని నవ్వాడు. మరి బియ్యం, పప్పు, కుండ? “ఆయ్, అది మా అమ్మ ఇచ్చిందండి. హోటలు లెక్కలోకి రాదు” అన్నాడు.

నా యౌవనకాలపు సందేహం ఆ ఒక్క మాటతో తీరిపోయింది. ఆ ఇంట రెండు లెక్కలున్నాయి. ఒకటి హోటలు లెక్క. అది న్యాయంగా, నికరంగా, అవసరంలో ఉన్నవాడిని దోచకుండా సాగుతుంది. కుటుంబం బ్రతకాలంటే అది ఉండి తీరాలి. రెండవది అమ్మ లెక్క. అది ఏ పుస్తకంలోనూ ఎక్కదు. మొదటి లెక్క సరిగా ఉంచుకోవడం వారి వృత్తి ధర్మం. రెండవ లెక్క మూసివేయకుండా ఉంచుకోవడం అతిథి ధర్మం. ఈ రెండూ ఒకే కప్పు కింద ఉండవచ్చు. అమ్మకూడనిది అన్నం కన్నా ముందు ఆదరమని, ఆ ఇల్లు దానిని అమ్మడం లేదని అప్పుడు తెలిసింది.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళు అంతర్వేది వెళ్ళిన ప్రతిసారీ ఆ ఇంటనే దిగాము. ఒక విషయం గమనించాను. రేవునుండి ఆఖరి పంటు జనం వచ్చి వెళ్ళేదాకా ఆ ఇంట పొయ్యి ఆర్పేవారు కారు. బేరం ముగిసినా ఒకరిద్దరికి సరిపడా అన్నం కుండలో ఉంచేవారు. “ఎవరైనా వస్తారేమోనండి” అనేది ముసలమ్మ. ఆవును పితికేంతసేపు వాకిట నిలిచి చూసే మన పూర్వుల నిరీక్షణ ఎక్కడికీ పోలేదు. ఒక హోటలు వంటింట్లో బ్రతికే ఉన్నది.

ఆ దారినే వెనుదిరిగిన పల్లకి

ఆ ముసలమ్మకు ఈ బుద్ధి ఎక్కడినుండి వచ్చిందని ఆలోచిస్తే, ఆ నేలనుండే వచ్చిందనిపిస్తుంది. అదే కోనసీమలోని లంకల గన్నవరంలో అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారు (1841–1909) జీవించారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు ఆమె ఇల్లే ఆశ్రయం. కులమత భేదం లేకుండా, వేళాపాళా చూడకుండా, వచ్చినవారికెల్లా ఆమె అన్నం పెట్టారు. ఒక్క పైసా పుచ్చుకోలేదు.

సీతమ్మగారి గురించి ఆ ప్రాంతంలో ఒక ఉదంతం చెప్పుకుంటారు. అన్నదానంలో మునిగి ఏ యాత్రకూ వెళ్ళలేకపోయిన ఆమె, ఒకసారి అంతర్వేది స్వామిని చూడాలని పల్లకిలో బయలుదేరారు. దారిలో విశ్రాంతికై ఆగినప్పుడు, ఎదురుగా వస్తున్న ఒక కుటుంబం మాటలు ఆమె చెవిన పడ్డాయి. ఆకలితో ఏడుస్తున్న పిల్లలను, “కాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు” అని పెద్దలు సముదాయిస్తున్నారు. ఆమె వెంటనే పల్లకిని వెనుకకు తిప్పించారు. వారికన్న ముందే ఇల్లు చేరి వంట చేయించారు. నృసింహుని దర్శనం ఆనాడు ఆగిపోయింది. ఆగిపోయిందా, ఆకలి రూపంలో స్వామియే ఎదురు వచ్చాడా అన్నది మీరే ఆలోచించండి.

నేడు గన్నవరం వద్ద గోదావరి పాయపై ఉన్న అక్విడక్టుకు ఆమె పేరున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది. అందరమూ సీతమ్మలం కాలేము. ఉచితంగా పెట్టే శక్తి అందరికీ ఉండదు. కాని ఆమె మార్గంలో నడవడానికి ఆస్తి అక్కరలేదు. వచ్చేవాడి ఆకలి తనకు పట్టడమే ఆ మార్గానికి మొదటి మెట్టు. హోటలు నడుపుతూ కూడా ఆ మెట్టు ఎక్కవచ్చునని నేను కళ్ళారా చూశాను.

ఋతువును బట్టి వడ్డన

వచ్చినవాడి సంగతి పట్టడమంటే ఏమిటో శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుని ఇంటిని వర్ణిస్తూ చూపాడు. శ్రీవిల్లిపుత్తూరులోని ఆ భక్తుడు తన ఇంటికి వచ్చే వైష్ణవులకు అన్ని కాలాలలో ఒకే విధంగా వడ్డించడు. వానాకాలంలో పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి పెడతాడు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, చారు, పలుచని అంబలి, చెరకుపాలు, లేత కొబ్బరినీళ్ళు ఇస్తాడు. చలికాలంలో మిరియాల ఘాటుగల వేడి కూరలు, ఆవపెట్టిన పచ్చళ్ళు, వేడి నెయ్యి, కాచిన పాలు వడ్డిస్తాడు. రాజ్యమేలిన చక్రవర్తికి రాజభోజనం వర్ణించడం కష్టమా? ఆయన ఒక పేద భక్తుని వంటింటిని ఎంచుకున్నాడు. ఎండన పడి వచ్చినవాడికి ఏది హితమో, చలిలో వణికి వచ్చినవాడికి ఏది హితమో అని ఆలోచించే మనసు అక్కడ ఉన్నది. భక్తి వంటింటిలో ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది.

అతిథికీ ధర్మమున్నది

ఇంతవరకు ఇంటివారి ధర్మం చెప్పాను. మనం డబ్బు చెల్లించి బసచేసినప్పుడు మన ధర్మం మాటేమిటి? “డబ్బిచ్చాం, మన ఇష్టం” అనుకునే అలవాటు నేడు పెరుగుతున్నది. గురజాడవారి ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ సొమ్ము తీసుకుని ఎగవేసిన గిరీశాన్ని చూసి మనం నవ్వుకుంటాము. ఆ పాత్ర మనలో ఉన్నదేమో కూడా చూసుకోవాలి. నేను ఒక్క రూపాయి ఎగవేయలేదు. అయినా ఒక ఇల్లాలిని నొప్పించాను. అదీ ఒక విధమైన ఎగవేతే.

నాకు తెలిసిన కొన్ని నియమాలు మీతో పంచుకుంటాను. ఆచారం పాటించేవారైతే, ఆ సంగతి చేరగానే సౌమ్యంగా చెప్పండి. స్వయంపాకానికి కాస్త చోటు అడగండి. ఆచారం మన శుచి కోసం, ఎదుటివారిని తక్కువ చేయడానికి కాదు. వేళకాని వేళ వెళితే వండమని శాసించకండి, ఉన్నది పెట్టమని కోరండి. నీటిని, అన్నాన్ని వృథా చేయకండి. చిన్న హోటలులో వడ్డించేది, గిన్నెలు కడిగేది తరచు ఆ ఇంటి బిడ్డలో, వారిని నమ్ముకున్న పనివారో అయి ఉంటారు. తాను, తన భార్యాబిడ్డలు తగ్గించుకుని తిన్నా సరే, తన వద్ద పనిచేసేవానికి మాత్రం తక్కువ చేయరాదని ఆపస్తంబుడు గృహస్థునికి చెప్పాడు. ఆ మాటను అతిథి కూడా గ్రహించి, వడ్డించిన చేతిని గౌరవంగా పలకరించాలి. వెళ్ళేటప్పుడు వంటింటి గడప వద్దకు వెళ్ళి, “అమ్మా, భోజనం బాగున్నది” అని చెప్పి రండి. తృప్తుడైన అతిథి ఆశీర్వచనం రూకతో ముగిసేది కాదు.

గదులు నడుపుకునే కుటుంబాలవారు కూడా ఈ పుట చదువుతూ ఉండవచ్చు. వారికి ఒక్క విన్నపం. 2015లో గోదావరి పుష్కరాలు జరిగాయి. బృహస్పతి మరల సింహరాశిలో ప్రవేశించే 2027లో పుష్కరాలు వస్తాయి. పుష్కరమైనా, కార్తికమాసమైనా, కల్యాణోత్సవమైనా జనం పోటెత్తినప్పుడే మన లెక్క ఎటువంటిదో తేలుతుంది. న్యాయమైన ధర పుచ్చుకోండి, అది మీ హక్కు. అవతలివాడికి వేరే దారి లేదని తెలిసి ధర పెంచితే మాత్రం, అది గోదావరి పేరు చెప్పి చేసిన వసూలు అవుతుంది. ఒక పసిబిడ్డకు పాలు, ఒక వృద్ధునికి వేణ్ణీళ్ళు, ఆఖరి బస్సు దిగినవానికి పట్టెడు మెతుకులు అమ్మ లెక్కలో వ్రాయండి.

ఇక గృహస్థులైన పాఠకులకు కూడా ఒక మాట. ఇప్పుడు మన ఇళ్ళకు చెప్పకుండా వచ్చేవారు అరుదు. చరవాణిలో ముందే అడిగి గాని ఎవరూ రారు. తిథి లేనివాడు రావడం మానివేశాడని అనుకుంటున్నాము. అతడు రావడం మానలేదు. మన వాకిలి మూసి ఉండడం చూసి అద్దె గదికి వెళుతున్నాడు. పంటు ఆగిన ఆ రాత్రి తరువాత మా ఇంట రాత్రి వంటలో ఒకరికి సరిపడా ఎక్కువ వండడం నా భార్య నియమంగా పెట్టుకున్నది. చాలా రోజులు ఎవరూ రారు. ఆ అన్నం ఉదయాన ఆవుకో, పాచిపనికి వచ్చే ఆమె బిడ్డకో అందుతుంది. ఎప్పుడో ఒకనాడు ఆలయం మూసివేసే వేళ ఎవరో దూరప్రాంతపు యాత్రికుడు వస్తాడు. “ఈ వేళప్పుడు మీకు శ్రమ” అని మొహమాటపడతాడు. “శ్రమ ఏముంది, మీకోసం వండినదే ఉన్నది” అని చెప్పగలిగినప్పుడు కలిగే ఆనందం ఎంతటిదో అనుభవించి చూడండి.

ఆ ముసలమ్మ పరమపదించి చాలా ఏళ్ళయింది. చివరిసారి వెళ్ళినప్పుడు ఆ కోడలి జుట్టు కూడా నెరసి ఉన్నది. ఆఖరి పంటు జనం వచ్చి వెళ్ళిపోయారు. బల్లలు తుడిచారు. పొయ్యిలో నిప్పు మాత్రం ఇంకా ఉన్నది. “ఇంకా ఆర్పలేదేమమ్మా?” అని అడిగాను. ఆమె దారివైపు చూస్తూ, “మా అత్త అలవాటండి” అన్నది.

అంతర్వేది లక్ష్మీనృసింహుడు ఆ ఇంటినీ, మీ ఇళ్ళనూ చల్లగా చూచుగాక!